రైలు కట్టిన ఊళ్లు: ఇంగ్లండ్ తీరంలోని చిన్న విహార పట్టణాల నేపథ్యం

సముద్ర స్నానం ఇంగ్లండ్‌లో సరదాగా కాక చికిత్సగా మొదలైంది. 1620లలో యార్క్‌షైర్ తీరంలోని స్కార్‌బరోలో కొండ అడుగున ఖనిజ లవణాలున్న ఊట బయటపడ్డాక అక్కడికి రోగుల రాక ఆరంభమైంది. 1730ల నాటికి ఆ వచ్చినవారు ఊట నీటితో సరిపెట్టుకోక సముద్రంలోనే మునకలు వేస్తున్నారు. 1750లో డాక్టర్ రిచర్డ్ రస్సెల్ గ్రంథుల వ్యాధులకు సముద్రపు నీటిని మందుగా సూచిస్తూ లాటిన్‌లో ఒక పుస్తకం వెలువరించారు. స్నానంతో పాటు ఆ నీటిని తాగమని కూడా ఆయన చెప్పేవారు. ఆయన రోగులను చూసిన బ్రైటన్ కొద్ది దశాబ్దాలలోనే రాజవంశీకుల విడిది అయింది. పట్నాలో పుట్టిన షేక్ దీన్ మొహమ్మద్ అక్కడే ఆవిరి స్నానశాల నడిపి, ఇద్దరు రాజులకు మర్దన చేసే నిపుణుడిగా నియామకం పొందారు. ఆనాడు స్నానానికి వచ్చినవారు చక్రాల మీది చెక్క గదిలో బట్టలు మార్చుకునేవారు, గుర్రం ఆ గదిని నీళ్లలోకి లాక్కెళ్లేది. ఇప్పుడు ఇసుక వెంట వరుసగా కనిపించే రంగురంగుల చిన్న చెక్క గదులు, అంటే బీచ్ హట్‌లు, చక్రాలు ఊడిన ఆ గదుల వారసులే.

ఆ దశలో తీరం సంపన్నులది. కార్మికుడికి అక్కడికి చేరే స్తోమత లేదు, చేరినా ఉండటానికి సెలవు లేదు. మొదటి అడ్డంకిని రైలు తొలగించింది. లండన్ నుంచి బ్రైటన్‌కు 1841లో, లాంకషైర్ మిల్లు పట్టణాల నుంచి బ్లాక్‌పూల్‌కు 1846లో లైన్లు పడ్డాయి. పెద్ద ఊళ్ల కథ తరచుగా చెప్పుకునేదే. రైలు ఒక తీరాన్ని ఊరుగా ఎలా మార్చిందో తెలుసుకోవాలంటే చిన్నవాటినే చూడాలి, అందుకు యార్క్‌షైర్ ఉత్తర తీరంలోని సాల్ట్‌బర్న్ కంటే స్పష్టమైన ఉదాహరణ దొరకదు.

స్టాక్‌టన్–డార్లింగ్టన్ రైల్వే కంపెనీకి చెందిన, క్వేకర్ అనే క్రైస్తవ శాఖ పారిశ్రామికవేత్త హెన్రీ పీస్, అప్పటికి కొన్ని జాలరి ఇళ్లు తప్ప మరేమీ లేని ఆ కొండ అంచుమీద ఒక పట్టణాన్ని ఊహించారు. 1861లో రైలు వచ్చింది. సముద్రానికి ఎదురుగా వెళ్లే వీధులకు రూబీ, ఎమరాల్డ్, పెర్ల్ వంటి రత్నాల పేర్లు పెట్టారు. 1863లో తెరిచిన జెట్లండ్ హోటల్‌కు సొంత ప్లాట్‌ఫారమ్ ఉండేది, సంపన్న అతిథి రైలు దిగి వీధిలో అడుగు పెట్టకుండానే హోటల్‌లోకి వెళ్లేవాడు. 1869లో సముద్రంలోకి దాదాపు 1,500 అడుగుల పియర్, అంటే స్తంభాల మీద నిలిచే నడక వంతెన, కట్టారు. ఊరు కొండ పైన, పియర్ కింద. నడుమ సుమారు 120 అడుగుల నిలువు ఉండటంతో 1884లో అక్కడ క్లిఫ్ లిఫ్ట్ ఏర్పాటు చేశారు.

ఆ లిఫ్ట్ ఈనాటికీ నీటి బరువుతోనే నడుస్తోంది. ఏటవాలు పట్టాల మీద రెండు పెట్టెలు ఒకే తాడుకు కట్టి ఉంటాయి, ఒక్కోదాని అడుగున ఒక నీళ్ల ట్యాంకు ఉంటుంది. పై పెట్టె ట్యాంకులోకి నీళ్లు వదులుతారు. అది కింది పెట్టె కంటే బరువెక్కగానే దిగుతూ రెండోదాన్ని పైకి లాగుతుంది. దిగిన తరువాత ఆ నీటిని వదిలేసి, పంపుతో తిరిగి పైకి తోడతారు. వేగాన్ని అదుపు చేసేది పైన బ్రేకు దగ్గర నిలబడిన మనిషి. రంగు అద్దాల కిటికీలున్న ఆ పెట్టెలో కూర్చున్నవారు మోటారు మోత లేకుండా సముద్రం వైపు దిగుతారు.

రెండో అడ్డంకి అయిన సెలవు తొలగడానికి చాలా కాలం పట్టింది. 1871 నాటి చట్టం ఎక్కువగా సోమవారాల్లో వచ్చే ప్రభుత్వ సెలవులైన బ్యాంక్ హాలిడేలను తెచ్చింది. నేడు అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలు పిల్లలతో బీచ్‌కు బయలుదేరేది కూడా ఎక్కువగా ఆ సోమవారాలు కలిసొచ్చినప్పుడే. లాంకషైర్‌లో ఒక్కో పట్టణంలో ఒక్కో వారం మిల్లులన్నీ మూతపడి ఊరంతా కలిసి తీరానికి తరలేది, కానీ ఆ వారానికి జీతం ఉండేది కాదు, ఏడాది పొడవునా కూడబెట్టుకోవాల్సిందే. వేతనంతో కూడిన సెలవుల చట్టం 1938లో వచ్చింది, యుద్ధం ముగిశాక గానీ దాని ఫలం పూర్తిగా అందలేదు. ఆ తరం బస చేసింది భోజనంతో పాటు గది అద్దెకిచ్చే బోర్డింగ్ హౌస్‌లలో. ఉదయం అల్పాహారం కాగానే అతిథులు బయటికి వెళ్లాలి, భోజన వేళ దాకా తిరిగి రాకూడదన్నది చాలా ఇళ్లలో నియమం. వాన కురిసినా పిల్లాపాపలతో పగలంతా బయటే గడపాలి. తీరం వెంట నడిచే ప్రొమెనేడ్ బాట పొడవునా కప్పు వేసిన బెంచీలు, ఆటల యంత్రాల హాళ్లు, పియర్ చివర నాటకశాలలు అన్ని ఎందుకు పుట్టుకొచ్చాయో ఈ నియమం వల్ల కొంతవరకు అర్థమవుతుంది. నార్‌ఫక్ తీరంలోని క్రోమర్‌లో 1901 నాటి పియర్ చివర ఇప్పటికీ వేసవిలోనూ క్రిస్మస్‌కూ ప్రదర్శనలు నడుస్తున్నాయి.

1950ల తరువాత ఈ ఏర్పాటు రెండు వైపుల నుంచి దెబ్బతిన్నది. విమానం, హోటల్ కలిపి ఒకే ధరకు అమ్మే విదేశీ యాత్రలు ఎండ ఖాయంగా దొరికే స్పెయిన్‌ను సామాన్యుడికి అందుబాటులోకి తెచ్చాయి. నష్టాల పేరుతో రైలు మార్గాలను కుదించమన్న 1963 నాటి బీచింగ్ నివేదిక తరువాత చిన్న తీర పట్టణాలు వరుసగా స్టేషన్లను కోల్పోయాయి. హన్‌స్టంటన్‌కు 1969లో, మేబల్‌థార్ప్‌కు, ఇల్ఫ్రకూమ్‌కు 1970లో రైలు ఆగిపోయింది. రైలు కోసమే పుట్టిన ఊరి నుంచి రైలును తీసేయడం ఎంత అన్యాయమో ఆనాటి లెక్కల్లో ఎక్కడా కనిపించలేదు. ఖాళీ అయిన బోర్డింగ్ హౌస్‌లు అనేక చోట్ల చవక అద్దె గదులుగా మారాయి. ఎసెక్స్ తీరంలో లండన్ కుటుంబాల సెలవు బసల కోసం వేసిన జేవిక్, 2010, 2015, 2019 ప్రభుత్వ సూచీల్లో ఇంగ్లండ్ మొత్తంలో అత్యంత వెనుకబడిన ప్రాంతంగా నమోదైంది. తీరప్రాంత ప్రజల అనారోగ్యంపై 2021లో దేశ ముఖ్య వైద్యాధికారే ప్రత్యేక నివేదిక ఇవ్వాల్సి వచ్చింది.

యాత్రికులు ఈ ఊళ్లలో మెచ్చుకునే పాతదనం పెట్టుబడి వెళ్లిపోయాక మిగిలినది, దానికి తోడు స్థానికులు పట్టుబట్టి దక్కించుకున్నది. 1970లో సోమర్సెట్ తీరంలోని క్లీవ్‌డన్ పియర్ మోయగల భారాన్ని పరీక్షిస్తుండగా రెండు భాగాలు కూలిపోయాయి. కూల్చివేత ప్రతిపాదనను ఊరివాళ్లు ఎదిరించి, ట్రస్టు పెట్టి, విరాళాలు పోగుచేసి 1989లో దాన్ని తిరిగి తెరిపించారు. సాల్ట్‌బర్న్‌లోనూ 1970లలో తుపాను దెబ్బ తరువాత పియర్‌ను తొలగించాలనుకున్న స్థానిక పాలక సంస్థ అయిన కౌన్సిల్, జనం ఒత్తిడి వల్ల విరిగిన చివరను మాత్రమే తీసి మిగతాది 1978లో తెరిచింది. ఇప్పుడున్నది మొదటి పొడవులో సగం కంటే తక్కువే అయినా, యార్క్‌షైర్ తీరంలో మిగిలిన పియర్ అదొక్కటే.

ఇటీవలి కాలంలో డబ్బు తిరిగి వస్తోంది, అయితే ఈసారి వారం రోజుల అతిథి రూపంలో కాదు. 1929లోనే రైలు పోగొట్టుకున్న సఫోక్ తీర పట్టణం సౌత్‌వోల్డ్‌లో ఒక బీచ్ హట్ లక్ష పౌండ్లు దాటి పలికింది, అందులో రాత్రి నిద్రపోవడానికి అనుమతి కూడా లేదు. ఇళ్లను వారాంతపు బసల కోసం బయటివారు కొనేస్తుంటే స్థానిక యువత అద్దెకైనా ఇల్లు దొరకక తీరానికి దూరంగా లోపలి ప్రాంతాలకు తరలిపోతున్నారు. 2022 జూన్‌లో యార్క్‌షైర్ తీరంలోని విట్బీలో జరిగిన స్థానిక ఓటింగ్‌లో, కొత్త ఇళ్లు అక్కడే శాశ్వతంగా నివసించేవారికే దక్కాలన్న ప్రతిపాదనకు పాల్గొన్నవారిలో 93 శాతం మద్దతు పలికారు, కానీ ఆ ఫలితానికి చట్టబద్ధమైన బలం లేదు. 2025 ఏప్రిల్ నుంచి రెండో ఇళ్లపై కౌన్సిల్ పన్నును, అంటే స్థానిక ఇంటి పన్నును, రెట్టింపు చేసే అధికారం స్థానిక సంస్థలకు దక్కగా, విట్బీని పాలించే నార్త్ యార్క్‌షైర్ కౌన్సిల్ వెంటనే దాన్ని అమలులో పెట్టింది. అయితే ఏడాదిలో కనీసం 70 రోజులు అతిథులకు అద్దెకిచ్చిన ఇల్లు వ్యాపారంగా లెక్కకు వచ్చి కౌన్సిల్ పన్ను నుంచి తప్పుకుంటుంది, చిన్న వ్యాపారాల రాయితీ కింద చాలా సందర్భాల్లో వ్యాపార పన్ను కూడా కట్టనక్కర్లేదు. ఈ దారి తెరిచి ఉన్నంత కాలం పన్ను పెంపు విట్బీ యువతకు ఇళ్లు తెచ్చిపెడుతుందని ఆశించడం కష్టం.