అపోహలు - వాస్తవాలు: సర్కారు బడులన్నీ ఒకటేనా?

ఒడిశాలో రాయగడ జిల్లా గుణుపురం వైపు ప్రభుత్వ ప్రాథమిక బడి టీచర్ని. ఇక్కడి తెలుగువాళ్లు నాతో తరచూ అనే మాటలివి.

అపోహ: జిల్లాలో టీచర్లు సరిపడా ఉన్నారు.

వాస్తవం: సగటు చూస్తే అలాగే కనిపించొచ్చు. కానీ 2009 విద్యాహక్కు చట్టం లెక్క చూడమన్నది బడి బడికీ. 60 మంది పిల్లల వరకు ఇద్దరు టీచర్లు, 90 వరకు ముగ్గురు. పట్నం బడిలో ఒకరు ఎక్కువై, కొండ మీద బడిలో ఒకరు తక్కువైనా సగటు మారదు. బదిలీలప్పుడు అందరి చూపూ రోడ్డు పక్క బడుల మీదే మరి! ఇద్దరూ ఉన్నా ఐదు తరగతులు. ఒకరు ఎన్నికల పనికి వెళ్తే బడంతా రెండోవారి నెత్తిన పడుతుంది.

అపోహ: చిన్న బడికి చిన్న గ్రాంటు చాలు.

వాస్తవం: బడులకు నిధులిచ్చే కేంద్ర పథకం సమగ్ర శిక్షా నిబంధనల్లో ఏడాదికి 30 మంది వరకు రూ.10 వేలు, 100 వరకు రూ.25 వేలు, 250 వరకు రూ.50 వేలు. పిల్లలు సగమైతే బోరు రిపేరు ఖర్చు సగం అవుతుందా?

అపోహ: తెలుగు మీడియం ఉందంటే తెలుగు టీచర్ ఉన్నట్టే.

వాస్తవం: మాకు అసలు తలనొప్పి ఇదే. ప్రాథమిక దశలో మాతృభాషలో చదువుకు సౌకర్యాలు కల్పించాలని రాజ్యాంగం 350ఎ అధికరణం చెబుతోంది. బడిలో 40 మంది, లేదా తరగతిలో 10 మంది ఉంటే ఆ భాష టీచర్ని వేయాలని 1949లోనే విద్యామంత్రుల సమావేశం తీర్మానించింది. అయితే 30 మందికి ఒకరు అనే లెక్కలో తెలుగు రాని టీచర్ కూడా ఒకరే. పోస్టు నిండుతుంది, పాఠం నడవదు. వచ్చినవారి తప్పేం లేదు, పాపం. సవర, కువి అనే గిరిజన భాషలు మాట్లాడే పిల్లల కష్టం ఇంకా పెద్దది. తెలుగు పుస్తకాలైనా పక్క రాష్ట్రంలో దొరుకుతాయి.

అపోహ: స్మార్ట్ క్లాసులతో తేడా పోయింది.

వాస్తవం: ఒడిశాలో బడుల ఆధునికీకరణకు తెచ్చిన 5టీ పథకం హంగులు ముందు వచ్చింది హైస్కూళ్లకు. అక్షరాలు దిద్దేది మా దగ్గర.

అపోహ: తల్లిదండ్రులు చేయగలిగింది లేదు.

వాస్తవం: బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి. గ్రాంటు ఎంత వచ్చింది, దేనికి పోయిందని మీటింగులో అడగండి. మాలాంటి వాళ్లకు కాస్త ఇబ్బందే, అయినా అడగండి. ఇంకోటి, చేర్పించేటప్పుడు మాతృభాష దగ్గర ‘ఒడియా అని రాసేయండి సార్, గొడవుండదు’ అనేవాళ్లు చాలామంది. అలా రాస్తే తెలుగు టీచర్ రావడానికి కావాల్సిన ఆ 40 మంది లెక్క ఎప్పటికీ తేలదు.