ఆయనకి 12, నాకు 35 ఎందుకు?

మా పెదనాన్నది కందుకూరు. గొంతులో క్యాన్సర్ గడ్డకి చెన్నైలో 35 రేడియేషన్ సిట్టింగులు రాశారు. మా వైపు రేడియేషన్ అని ఎవరూ అనరు, కరెంటు పెట్టడం అంటారు. రోజూ పక్కన కూర్చునే కావలి ఆయనకి మెడలో లింఫోమా (లింఫు గ్రంథుల క్యాన్సర్) గడ్డ, 12 సిట్టింగులే. రెండో వారానికే గడ్డ తగ్గి ఆయన చొక్కా పైగుండీ పెట్టుకుంటున్నాడు. అది చూసి పెదనాన్నకి టెన్షన్. "ఏందిరా అబ్బాయ్, నాది అంత ముదిరిందా?"

ముదరడం ఒక్కటే కాదు, అసలు తేడా కణం రకంలోనే ఉంది. రేడియేషన్ డీఎన్‌ఏని తెంపుతుంది. లింఫోమా కణాలు ఆ దెబ్బకి చాలావరకు గంటల్లోనే తమంతట తాము చచ్చిపోతాయి, అందుకే నిదానంగా పెరిగే కొన్ని రకాలకి 24 గ్రేలు (గ్రే అంటే రేడియేషన్ డోసు కొలత) సరిపోతాయి. గొంతు గడ్డ కణాలు మొండివి. తెగిన డీఎన్‌ఏతోనే నెట్టుకొచ్చి, కొంత రిపేరు కూడా చేసుకుని, రెండుగా చీలబోయినప్పుడు కూలిపోతాయి. కాబట్టి రోజుకి 2 గ్రేల చొప్పున 70 గ్రేలు, ఏడు వారాలు. మెదడు పొరల్లో వచ్చే మెనింజియోమా అయితే కణాలు చీలేదే తక్కువ, నెలలు గడిచినా స్కాన్‌లో గడ్డ అంతే కనిపించొచ్చు. పెరగడం ఆగిందంటే వైద్యం పనిచేసినట్టే. మెదడులోనే పుట్టే గ్లియోబ్లాస్టోమా అనే క్యాన్సర్ దీనికి పూర్తిగా రివర్సు, 60 గ్రేలు పెట్టినా దాదాపు ఎప్పుడూ తిరిగొస్తుంది. కిడ్నీ క్యాన్సర్‌ని చాలాకాలం రేడియేషన్‌కి లొంగని జాబితాలో వేశారు గానీ, గురిచూసి కొద్ది సిట్టింగుల్లోనే పెద్ద డోసులు ఇస్తే అదీ లొంగుతోంది.

ఇంకోటి ఆక్సిజన్. గాలి అందని కణాన్ని చంపాలంటే రెండున్నర నుంచి మూడు రెట్ల డోసు కావాలి. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ రక్తంలో ఆక్సిజన్ చోటు ఆక్రమిస్తుంది, అందుకే డాక్టరు మొదటిరోజే పెదనాన్న చుట్ట మానిపించారు. మిషన్ కంటే ఆయనకి అదే కష్టమైంది.

శని, ఆదివారాలు సెలవు. మా వైపు మాలకొండ గుడి తెరిచేది శనివారమే కాబట్టి ఓసారి శుక్రవారం సిట్టింగ్ అవగానే రైలెక్కి వచ్చి దర్శనం చేసుకున్నాడు. సోమవారం కూడా ఉండిపోతానంటే డాక్టరు ఫోన్లోనే గట్టిగా వద్దన్నారు. నాలుగో వారం దాటాక, మిగిలిన గొంతు గడ్డ కణాలు ఇంకా జోరుగా పెరుగుతాయి, ఒక్కరోజు గ్యాప్ కూడా వాటికి కలిసొస్తుందట. ఆదివారం రాత్రి సింగరాయకొండ స్టేషన్‌లో నేనే ఎక్కించాను.