గుండీ లేని మెడలో తల ఎలా దూరుతుంది?

బుజ్జమ్మకి, ఈ ఉత్తరం పంచుకు చదివే నీ జట్టు పిల్లలకి,

మొన్న రాజమండ్రి తాడితోటలో ఓ బట్టల కొట్టు ముందు నువ్వు కదలనని మొరాయించావట కదా. అద్దం వెనక బొమ్మకి తొడిగిన ఆవపిండి రంగు టాపు నీ కంట్లో పడిందని మీ అమ్మ చెప్పింది. అలాంటి గుడ్డే మీటరుంపావు కొనిపించి, "తాతయ్య కుట్టేస్తాడులే" అన్నావట. కుడదాం. కానీ అమ్మ దగ్గర ఫోను లాక్కుని నువ్వడిగిన మాట నన్ను రెండ్రోజులుగా వదలడం లేదు. "దానికి గుండీ లేదు, జిప్పు లేదు. తల ఎలా దూరుతుంది తాతయ్యా?"

పాలకొల్లులో నలభై ఏళ్ళు మిషను తొక్కాను. ఈ మాట ఎవరూ అడగలేదు.

మన పెరట్లో కొబ్బరాకు తడక ఉంది కదా. ఒక ఆకు పైనుంచి, ఒక ఆకు కిందనుంచి. పట్టి లాగు, రాదు. అమ్మ చీర, నాన్న చొక్కా, నా పంచె అన్నీ సన్నని తడకలే. నిలువుది పడుగు, అడ్డంది పేక. మూలలు పట్టి లాగితే మాత్రం తడక కాస్త వంగుతుంది, గుడ్డా అంతే. మేం మెడ పట్టీలు క్రాసుగా కత్తిరించేది అందుకే. తడకని వానాకాలం ముందు విప్పి మళ్ళీ కట్టేటప్పుడు... సరే, తడక వదిలేద్దాం. నీ టాపుకి కొన్నది బనీను గుడ్డ, అది తడక కాదు. అది లేసు.

మాది నరసాపురం దగ్గర పల్లె. మధ్యాహ్నం అన్నాలయ్యాక మా అమ్మ అరుగు మీద కూర్చుని కొక్కెం సూదితో లేసు అల్లేది. ఉచ్చులోంచి ఉచ్చు, దాన్లోంచి ఇంకో ఉచ్చు. ఓ రోజు సూది జారింది, దారపుండ దొర్లుకుంటూ కాలువ గట్టు దిగింది. నేను పరిగెత్తి దారం పట్టి లాగాను. సర్రుమని ఆ పూట అల్లినదంతా విడిపోయింది! చేతిలో వంకర్లు తిరిగిన దారం మిగిలింది, ఆనక వీపు మోగింది. ఆ లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు ఇచ్చారు, అంటే ఇది నరసాపురానిదేనని ముద్ర. అమ్మ ఉంటే "సంతోషం, కూలెంత పెంచారు?" అని ఉండేది.

బనీను గుడ్డలోనూ దారం అలాగే ఉచ్చులు ఉచ్చులుగా కూర్చుంటుంది. అల్లే తీరు వేరనుకో, ఇప్పుడది వద్దు. ఇలాంటి అల్లికతో మేజోళ్ళు చేసే యంత్రాన్ని ఇంగ్లండులో విలియం లీ అనే ఆయన 1589లోనే కట్టాడు. లాగితే ఉచ్చు వెడల్పవుతుంది, వదిలితే తన చోటికి వస్తుంది. నీ తల చుట్టూ 21 అంగుళాలనుకో, మెడ 18 ఉన్నా దూరిపోతుంది.

నేను మొదటిసారి ఈ గుడ్డకి చొక్కాకి వేసినట్టే సాదా కుట్టు వేశాను. కుర్రాడు కొట్లోనే తొడుక్కున్నాడు. టప్, టప్, టప్. గుడ్డ సాగింది, నా దారం సాగలేదు. పైగా మొన వాడిగా ఉన్న నా సూది ఉచ్చుల్ని తెంపేసిందేమో, రెండు ఉతుకులకి కుట్టు వెంబడి జల్లెడ. అందుకే దీనికి గుడ్డతో పాటు సాగే వంకరటింకర జిగ్‌జాగ్ కుట్టు, మొన గుండ్రంగా ఉండే సూది. అది ఉచ్చుని పొడవదు, పక్కకి జరిపి దిగుతుంది. మెడ పట్టీ కూడా మెడంత ఉండకూడదు. 18కి పదిహేనున్నర చాలు, కుట్టులోకి పోయేది కాక. పట్టీని కొంచెం లాగుతూ అతకాలి, టాపుని లాగకూడదు. లాగావా, అంచు అలలు అలలుగా తయారవుతుంది. మిషను పళ్ళు గుడ్డని వాటి దారిన లాక్కుంటాయి, చేతులు ఊరికే తోడుండాలి. పెత్తనం చేయకుండా తోడుండటం నాకు పదేళ్ళకి గానీ రాలేదు.

ఏది పైవైపో నువ్వే కనిపెట్టు. అడ్డంగా కత్తిరించిన అంచుని రెండు చేతులా లాగి వదులు, చుట్టుకుంటుంది. చుట్టుకున్న వైపే పైవైపు. ఎందుకలా అంటే నేను చెప్పను. నాన్న చిరుగుల బనీను అడిగి, అడ్డంగా కత్తిరించి దారం కొస వెతుకు. ఒక వైపునుంచి రాకపోతే రెండో వైపు చూడు. దొరికిందా, వరసకి వరస ఊడి వస్తుంది. ఆ దారం నూడుల్స్‌లా ఎందుకుందో చూస్తూ కాసేపు కూర్చో.

ఆదివారం వచ్చేటప్పుడు నీకు సరిగ్గా పట్టే పాత టీషర్టు ఒకటి తే, పేపరు మీద పరిచి కొలత గీసుకుందాం. కొత్త గుడ్డని మాత్రం ఇవాళే ఉతకమను. కుంచించుకుపోయేదేదో కత్తెర పడకముందే పోవాలి. దండెం మీద వేలాడదీయొద్దు, బరువుకి సాగుతుంది. నవారు మంచం మీద నీడలో పరవండి.

మీ తాతయ్య