కస్టడీ తగాదాలో బిడ్డ దినచర్య: చట్టం నడిచిన దారి

విడిపోయిన దంపతులు ఫ్యామిలీ కోర్టులో దాఖలు చేసే రాజీ పత్రాల్లో తరచుగా కనిపించే వాక్యం ఒకటుంది: తండ్రి తన వీలునుబట్టి బిడ్డను చూసిపోవచ్చు. ఇద్దరి మధ్య మాటలున్నంతకాలం దానితో పేచీ ఉండదు. మాటలు తెగిన నాడు మాత్రం ఏ రోజు, ఎన్ని గంటలు, ఎవరింట్లో అన్న ప్రతి సందేహమూ ఒక కొత్త పిటిషన్, మరో వాయిదా అవుతుంది. దీని మూలం వెతికితే 1890 దాకా వెళ్లాలి.

ఆ ఏడాది వచ్చిన గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం మైనరుకూ, అతని ఆస్తికీ సంరక్షకుడెవరన్నది తేల్చడానికి పుట్టింది. 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం ఆరో సెక్షన్‌లో తండ్రిని, ఆయన తర్వాత తల్లిని సహజ సంరక్షకులుగా పేర్కొంటూనే, ఐదేళ్లు నిండని బిడ్డ సాధారణంగా తల్లి దగ్గరే ఉండాలన్నది. పదమూడో సెక్షన్‌లో మైనరు సంక్షేమమే అన్నిటికన్నా ముఖ్యమన్నది. పెద్దల వరుస రాసిన చేత్తోనే ఆ వరుసను పక్కన పెట్టే వీలూ కల్పించారన్నమాట. పిల్లలు తల్లిదండ్రుల సొత్తూ కారు, ఆటబొమ్మలూ కారని రోసీ జేకబ్ కేసులో సుప్రీంకోర్టు 1973లోనే చెప్పింది. అయినా 'ఆయన తర్వాత' అంటే తండ్రి చనిపోయాకనే అని అర్థం కాదని తేలడానికి 1999లో గీతా హరిహరన్ తీర్పు రావలసి వచ్చింది.

1984 నాటి ఫ్యామిలీ కోర్టుల చట్టం తొలుత రాజీకి ప్రయత్నించడాన్ని కోర్టు బాధ్యతగా చేసి, కౌన్సెలర్లకు చోటిచ్చింది. అయితే ఆ రాజీ అనే మాటను కాపురం నిలబెట్టడంగానే అర్థం చేసుకునే అలవాటు మనలో బలంగా ఉంది. కాపురం నిలబడదని తేలిపోయాక ఇద్దరూ కలిసి బిడ్డను ఎలా పెంచాలన్న దానికీ అంతే ఓపిక కావాలి. నా దృష్టిలో ఈ చరిత్రలో పెద్ద వెలితి అదే.

ఆ వెలితిని, చట్టాల్లో మార్పులు సూచించే లా కమిషన్ 2015లో ఇచ్చిన 257వ నివేదికలో పట్టించుకుని, ఉమ్మడి కస్టడీకి, మధ్యవర్తిత్వానికి, బిడ్డ ఎప్పుడు ఎవరి దగ్గర, ఎలా పెరగాలో ముందే రాసుకునే పెంపకం ప్రణాళికకు చట్టంలో చోటు కల్పించాలని సిఫారసు చేసింది. అది చట్టరూపం దాల్చలేదు. ఖాళీని తీర్పులే కొంత పూరించాయి: 2020లో యశితా సాహు కేసులో సుప్రీంకోర్టు, బిడ్డను ఎప్పుడు, ఎలా కలవాలో కోర్టులు వివరంగా రాయాలనీ, కస్టడీ దక్కనివారికి వీలైతే రోజూ ఐదు పది నిమిషాలైనా బిడ్డతో మాట్లాడే అవకాశం ఉండాలనీ చెప్పింది. ఆ కేసులో దంపతులు అమెరికాలో కాపురమున్నవారు. ఒకరు బిడ్డను అక్రమంగా మరో దేశానికి తీసుకెళితే తిరిగి పంపించే ఏర్పాటు చేసిన 1980 నాటి హేగ్ ఒప్పందంలో భారత్ చేరలేదు కనుక, అమెరికాలో విడిపోయి ఒకరు బిడ్డతో హైదరాబాదుకో విజయవాడకో వచ్చేసిన తెలుగు కుటుంబాల తగాదాలూ ఇలాంటి తీర్పుల మీదే ఆధారపడతాయి.

కోర్టు కోరిన ఆ వివరం కాగితం మీద చాలా సాదాగా ఉంటుంది. శుక్రవారం సాయంత్రం తండ్రి బిడ్డను బడి గేటు దగ్గరే తీసుకుంటాడు, సోమవారం ఉదయం బడిలోనే దింపుతాడు. పెద్దలు ఎదురుపడే పని లేదు, గుమ్మంలో గొడవా లేదు. సంక్రాంతి ఒకరింట, దసరా మరొకరింట, మరుసటి ఏడు తారుమారు. జ్వరమొస్తే ఎవరికి ఫోన్ చేయాలి, హోంవర్క్ డైరీ, మందుల సీసా ఏ సంచిలో వెళ్లాలి అన్నదానికీ ఒక్కో వాక్యం ఉంటుంది.