కోతకు ముందే పెరిగే కాలేయం

"కాలేయంలో సగానికి పైగా కోసి తీసేస్తే ఆ ముక్క మళ్ళీ మొలుస్తుందా?" అని ఒక పాఠకురాలు అడిగారు. మొలవదండీ. బల్లి తోకలా తెగిన చోట కొత్తది పుట్టుకురాదు. మిగిలిన భాగమే పెరిగి దాదాపు మునుపటి బరువుకు చేరుతుంది, పాత ఆకారం మాత్రం రాదు. 1931లో హిగ్గిన్స్, ఆండర్సన్ అనే పరిశోధకులు ఎలుకల కాలేయంలో మూడింట రెండు వంతులు తీసేసి ఈ పెరుగుదలను కొలిచి చూపారు.

కాలేయం, పిత్తాశయం, క్లోమం ఆపరేషన్లు చేసే హెచ్‌పీబీ సర్జన్ల పనిలో నాకు అన్నిటికంటే అద్భుతంగా తోచేది, కత్తి పట్టకముందు జరిగే ఒక ఏర్పాటు. కుడివైపంతా గడ్డలున్నాయనుకోండి. అది తీసేస్తే మిగిలే ఎడమ భాగం చాలా చిన్నది. ఆరోగ్యమైన కాలేయంలో కనీసం 20-25 శాతం మిగలాలి, సిరోసిస్ (కాలేయం మచ్చలు పడి గట్టిపడే జబ్బు) ఉంటే 40 శాతం దాకా కావాలి. అంతకంటే తగ్గితే, ఆపరేషన్ ఎంత చక్కగా చేసినా కాలేయం చేతులెత్తేస్తుంది. అందుకే సీటీ స్కాన్‌లో ముందే కొలుస్తారు.

చాలకపోతే? 1980ల్లో మకూచి వంటి జపాన్ సర్జన్లు దారి చూపారు. కాలేయానికి వచ్చే రక్తంలో సుమారు 75 శాతం పేగుల నుంచి పోర్టల్ సిర ద్వారా వస్తుంది, మిగతాది ధమని ద్వారా. చర్మం మీదుగా సూదితో వెళ్ళి, కుడివైపు పోర్టల్ కొమ్మను జిగురుతోనో సన్నటి రేణువులతోనో మూసేస్తారు. పోర్టల్ రక్తమంతా ఎడమకు మళ్ళుతుంది. అలా పెరిగిన రక్తప్రవాహపు ఒరిపిడికి అక్కడి సన్నటి రక్తనాళాల గోడల్లోని కణాలు స్పందిస్తాయి. కణాలను పెరగమని చెప్పే హెచ్‌జీఎఫ్, ఐఎల్-6 లాంటి సంకేత ప్రోటీన్లు పెరుగుతాయి, క్లోమం నుంచి వచ్చే ఇన్సులిన్ కూడా ఇప్పుడు ఎడమకే ఎక్కువ చేరుతుంది. అప్పటిదాకా విభజన మానుకుని ఉన్న కాలేయ కణాలు డీఎన్‌ఏను రెట్టింపు చేసుకుని విడిపోవడం మొదలుపెడతాయి. కుడి భాగం కుంచించుకుపోతుంది గానీ చచ్చిపోదు, ధమని దాన్ని బతికిస్తుంది. అంటే ఎడమ పెరిగేదాకా కుడి కూడా పనిచేస్తూనే ఉంటుంది! ఈ ఒక్క సంగతి ఎన్నిసార్లు తలుచుకున్నా నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

పాఠాల్లో కాలేయాన్ని బయటికి కనిపించే లిగమెంటు (పట్టీలాంటి కణజాలం) దగ్గర కుడి, ఎడమ అని విడదీసి ఆపేస్తారు. పిల్లలకు రక్త సరఫరా ప్రకారం కుడి ఎడమలను విడదీసే అసలు గీత కూడా చెప్పాలి. అది పిత్తాశయం నుంచి వెనకనున్న పెద్ద సిర వైపు వెళ్తుందని 1897లో క్యాంట్లీ అనే సర్జన్ రాశాడు. 1957లో ఫ్రెంచ్ సర్జన్ క్వినో కాలేయాన్ని ఎనిమిది సెగ్మెంట్లుగా విడదీశాడు. ఒక్కోదానికి సొంత పోర్టల్ కొమ్మ ఉంటుంది కాబట్టే ఒకవైపు మూసి మరోవైపు పెంచడం వీలవుతోంది.

మూడు నుంచి ఆరు వారాల తర్వాత మళ్ళీ స్కాన్ తీస్తారు. రోగికి ఆ వారాలు పెద్ద టెన్షనే, ఈలోగా గడ్డ పెరగొచ్చు కూడా. కానీ ఆ ఎదురుచూపే ఒక పరీక్ష. ఎడమ భాగం చక్కగా పెరిగితే కోతను తట్టుకునే అవకాశం ఎక్కువ. పెరగకపోతే సర్జన్ పెద్ద కోత ఆలోచన మానుకుని వేరే చికిత్స వైపు చూస్తారు.