ఎన్ని దిండ్లు వేసుకున్నారు?

"బాబాయ్, రాత్రి ఎన్ని దిండ్లు వేసుకుని పడుకున్నారు?"

"ఎప్పుడూ ఒకటేనమ్మా. నిన్న రెండు పెట్టినా ఊపిరాడలేదు. గోడకి ఆనుకుని కూర్చున్నాను."

డయాలసిస్ మంచం ఎక్కకముందే ఇలా అడిగే సిస్టరుకి ఆ జవాబుతోనే సగం సంగతి తెలిసిపోతుంది. పగలంతా కాళ్లలోకి దిగిన నీరు, మనిషి పడుకోగానే తిరిగి రక్తంలో చేరి గుండెకు భారమవుతుంది. గుండె తోయలేకపోయినది ఊపిరితిత్తుల్లో నిలుస్తుంది. లేచి కూర్చుంటే ఆయాసం కాస్త తగ్గేది అందుకే.

కిడ్నీలు పనిచేయక, మెషీనుతో రక్తం శుభ్రం చేయించుకుంటూ ఇలా డయాలసిస్ మీద ఉన్నవాళ్లలో చాలామందికి మూత్రం బాగా తగ్గిపోతుంది, కొందరికి అసలే రాదు. తాగిన నీళ్లు, టీ, మజ్జిగ, అన్నంలో పోసుకున్న చారు, అన్నీ తర్వాతి డయాలసిస్ దాకా ఎక్కువ భాగం ఒంట్లోనే ఉంటాయి. లీటరు నీరంటే కిలో బరువు. రెండు డయాలసిస్‌ల మధ్య పెరిగిన బరువు దాదాపు అంతా నీరే. కాబట్టి తూకం చూసేటప్పుడు చెప్పులు విప్పించాలి, జేబులో ఫోను తీయించాలి, చలికాలంలో శాలువా సంగతి మరిచిపోకూడదు. అరకిలో తేడా వచ్చిందంటే అరలీటరు నీరు లెక్క తప్పినట్టే.

ఎంత నీరు తీయాలన్నదానికి కొలత డ్రై వెయిట్. ఒంట్లో అదనపు నీరు లేకుండా, అలాగని బీపీ పడిపోకుండా, పిక్కలు పట్టేయకుండా మనిషి తట్టుకోగలిగిన బరువు అది. డాక్టరు నిర్ణయించి ఫైల్లో రాస్తారు. చిక్కంతా ఇక్కడే. ఫైల్లో అంకె అలాగే ఉంటుంది, మనిషి అలాగే ఉండడు. జ్వరం వచ్చి రెండు వారాలు సరిగా తినలేదు, రెండు కిలోల కండ కరిగింది అనుకోండి. ఆ మేరకు రెండు లీటర్ల నీరు చేరితే తూకం పాత అంకెనే చూపిస్తుంది. కాగితం మీద అంతా బాగానే ఉంది. మనిషికి మాత్రం నీరు పట్టింది. నర్సు చూపుకి అసలు విలువ ఇక్కడే ఉందని నేను నమ్ముతాను. బుగ్గలు లోపలికి పోయాయి, చొక్కా వదులైంది, బరువు మాత్రం తగ్గలేదు. ఇది మెషీను చెప్పదు. వారం వారం ఆ ముఖాన్ని చూసే మనిషే చెప్పాలి.

తర్వాత చేతి పరీక్ష. మోకాలి కింద ముందువైపు ఎముక మీద బొటనవేలితో కొన్ని క్షణాలు నొక్కి వదిలితే, నీరు పట్టినవాళ్లకి గుంట పడి అలాగే ఉండిపోతుంది. మంచం పట్టినవాళ్లకి నీరు కాళ్లలో కంటే నడుము కింద ఎక్కువ చేరుతుంది కాబట్టి పక్కకి తిప్పి అక్కడ చూడాలి. అయితే వాపు ఆలస్యంగా బయటపడే గుర్తు. రెండు మూడు లీటర్లు చేరేదాకా గుంట పడకపోవచ్చు. పైగా బీపీకి వాడే ఆమ్లోడిపిన్ మాత్రతోనూ, రక్తంలో ఆల్బుమిన్ అనే ప్రోటీను తగ్గినా కాళ్లు వాస్తాయి. అందుకే వాపు ఒక్కటే చూసి తేల్చరు. తలవైపు మంచం ఎత్తి మెడ పక్క నరం ఎంత పైదాకా ఉబ్బిందో చూస్తారు. వీపు కింది భాగంలో స్టెతస్కోపు పెట్టి చిటపట శబ్దం ఉందేమో వింటారు. ఫిస్టులా, అంటే డయాలసిస్ సూదులు గుచ్చడానికి ఆపరేషన్ చేసి రక్తనాళాలు కలిపిన చోటు, లేని చేతికి బీపీ చూస్తారు. అన్నీ కలిపి చూస్తేనే బొమ్మ తేలుతుంది.

ఇంట్లోవాళ్లు నీళ్ల గ్లాసులు లెక్కపెడతారు గానీ ఉప్పు లెక్కపెట్టరు. మన ఒంట్లో కణాల బయట ఉండే ద్రవంలో లీటరుకు సుమారు 8 గ్రాముల ఉప్పుకు సరిపడా సోడియం ఉంటుంది. అంటే అంత ఉప్పు తిన్న మనిషికి లీటరు నీరు తాగేదాకా దాహం తీరదు. ఇది మనసు గట్టిగా లేకపోవడం కాదు, శరీర ధర్మం. కాబట్టి "నీళ్లెందుకు తాగారు?" అని కసరడం కంటే "ఆవకాయ వేసుకున్నారా? ఎండుచేపలు, అప్పడాలు తిన్నారా?" అని అడగడమే మేలు. సోడియం తక్కువని అమ్మే ఉప్పులో పొటాషియం ఉంటుంది, అది వీళ్లకి ప్రమాదం. కొబ్బరిబొండం కూడా అంతే. కొబ్బరితోటల మధ్య బతికే, కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానం మనిషికి ఆ మాట చెప్పడం ఎంత కష్టమో ఆలోచించండి.

చేరిన నీరంతా ఒకేసారి లాగేయొచ్చా అంటే కుదరదు. గంటకు, కిలో బరువుకు 13 మిల్లీలీటర్లు దాటితే గుండెకు ముప్పు ఎక్కువని పరిశీలనల్లో తేలింది. 50 కిలోల మనిషికి నాలుగు గంటల్లో 2.6 లీటర్లు. ఆయన నాలుగు కిలోలు పెరిగి వస్తే? అప్పుడు సమయం పెంచాలి, లేదా అదనంగా ఇంకోసారి రప్పించాలి. తొందరపడి లాగితే ఒంట్లో చేరిన నీరు రక్తంలోకి వచ్చేలోపే రక్తం పరిమాణం తగ్గిపోతుంది. మనిషి వరసగా ఆవలిస్తుంటే నిద్ర వస్తోందనుకోకూడదు, బీపీ పడిపోతోందేమో వెంటనే చూడాలి.

1960లో అమెరికాలోని సియాటిల్‌లో డాక్టర్ స్క్రిబ్నర్ దీర్ఘకాల డయాలసిస్ మొదలుపెట్టిన తొలి రోగి క్లైడ్ షీల్డ్స్‌కి విపరీతమైన బీపీ ఉండేది. ఉప్పు తగ్గించి, నీరు తీస్తూ పోతే అది అదుపులోకి వచ్చింది. నీరు తగ్గాక బీపీ దిగడానికి కొన్ని వారాలు పట్టొచ్చు, అందుకే డ్రై వెయిట్‌ని కొద్దికొద్దిగా తగ్గిస్తూ ఓపిక పట్టాలి.

వారానికి మూడుసార్లు చేయించుకునేవాళ్లలో కూడా రెండు రోజుల విరామం తర్వాతి రోజే మరణాలు ఎక్కువని 2011లో వచ్చిన ఒక అమెరికా అధ్యయనం చూపించింది. మన దగ్గర చాలామంది వారానికి రెండుసార్లే వస్తారు, వాళ్ల విరామం ఇంకా పెద్దది. ఆ మధ్యలో ఒక రాత్రి పడుకోలేక లేచి కూర్చోవాల్సి వస్తే, మన వంతు ఎల్లుండి కదా అని ఆగకండి. ఆ రాత్రే ఆసుపత్రికి బయల్దేరండి.