బ్రిటిష్ డీజిల్, విద్యుత్ ఇంజిన్లు: నంబర్లపై అపోహలు, వాస్తవాలు

ఇంగ్లండులోని ఒక పరిరక్షిత రైలు మార్గపు షెడ్డులో వారాంతాల్లో డీజిల్ ఇంజిన్ల మరమ్మతు పని చేస్తుంటాను. చూడటానికి వచ్చినవారు మొదట చదివేది క్యాబ్ పక్కనున్న నంబరునే. అపోహల్లో చాలావరకు పుట్టేదీ అక్కడే.

అపోహ: పాత ఇంజిన్ల పరిరక్షణ అంతా ఆవిరి ఇంజిన్లతోనే మొదలైంది.

వాస్తవం: 1960 జూన్‌లో లీడ్స్‌లోని మిడిల్టన్ రైల్వేను ఔత్సాహికులు నడపడం మొదలుపెట్టినప్పుడు, స్వాన్సీ నుంచి తెచ్చిన రెండంతస్తుల ట్రామ్ పెట్టెను లాగింది 1932 నాటి హన్స్లెట్ డీజిల్ షంటింగ్ ఇంజిన్ (యార్డుల్లో పెట్టెలను అటూ ఇటూ జరిపేది). లండన్, మిడ్లాండ్ అండ్ స్కాటిష్ రైల్వేలో ఉండగానే దాని నంబరు 7401 నుంచి 7051గా మారింది. డెల్టిక్ అనే డీజిల్ రకపు నమూనా ఇంజిన్ 1963లోనే లండన్ సైన్స్ మ్యూజియానికి చేరింది. అయితే ఈ అపోహలో కొంత నిజం లేకపోలేదు: 1947-48 నాటి మొదటి ప్రధాన మార్గ డీజిల్ ఇంజిన్లు 10000, 10001 రెండూ తుక్కులో కలిసిపోయాయి, 1973లో వార్‌షిప్ తరగతికి (ఒకే రకపు ఇంజిన్ల వర్గాన్ని తరగతి అంటారు) చెందిన డీజిల్ డి821ను ఔత్సాహికులు కొన్నప్పుడు అది చాలామందికి వింతగానే తోచింది.

అపోహ: 'డి' అక్షరం ఉంటే అది డీజిల్ అని చెప్పడానికే.

వాస్తవం: డీజిల్ అని చెప్పడం ఒక్కటే దాని పని కాదు, అదే నంబరున్న ఆవిరి ఇంజిన్‌తో గందరగోళం రాకుండా చూడటం కూడా. ఆవిరి ఇంజిన్ 7029 క్లన్ కాసిల్, హైమెక్ డీజిల్ డి7029 రెండూ ఈనాటికీ ఉన్నాయి. 1968 ఆగస్టులో ప్రధాన మార్గాలపై ఆవిరి రోజులు ముగిశాక ఆ అక్షరంతో అవసరం తీరిపోయింది. ఆ మధ్య ఒక క్యాబ్ రేకును గరుకు కాగితంతో రుద్దుతుంటే నీలం పొర కింద పాత ఆకుపచ్చ కనిపించింది. అందులో అరచేయంత మేర మాత్రం రంగు కాస్త ముదురుగా ఉంది. ఇంకొంచెం రుద్దితే దాని కింద తెల్లని 'డి' బయటపడింది. ఇంజిన్ మొత్తానికి రంగు మార్చకముందే ఎవరో కుంచెతో ఆ ఒక్క అక్షరాన్ని కప్పేశారన్నమాట.

అపోహ: పాత నంబరు తెలిస్తే కొత్త నంబరును లెక్కగట్టి చెప్పవచ్చు.

వాస్తవం: అమెరికాలోని సదరన్ పసిఫిక్ రైల్వే నుంచి తెచ్చుకున్న టాప్స్ కంప్యూటర్ వ్యవస్థ కోసం 1973-74 ప్రాంతంలో చాలా ఇంజిన్లకు రెండంకెల తరగతి, మూడంకెల వరుస సంఖ్య కలిపి ఇచ్చారు. చాలా తరగతుల్లో పాత నంబరు చివరి అంకెలను బట్టే కొత్త వరుస సంఖ్య వస్తుంది, లెక్క సరిపోతుంది. చిక్కంతా సున్నాలతో ముగిసే మొదటి ఇంజిన్‌తోనే, ఎందుకంటే వరుస సంఖ్య 000 కాకూడదు. అందుకే డి9000 తన తరగతి చివరికి వెళ్లి 55 022 అయింది. డి200 కథ మరీ విచిత్రం: ప్రమాదంలో దెబ్బతిన్న డి322ను 1967లోనే తొలగించడంతో 40 122 అనే స్థానం ఖాళీగా ఉండిపోయింది, తరగతిలో అన్నిటికన్నా ముందు పుట్టిన ఇంజిన్‌ను తీసుకెళ్లి అక్కడ కూర్చోబెట్టారు. డి5500కు 31 018 రావడం కూడా ఇలాంటి ఖాళీ పుణ్యమే. కాబట్టి పట్టిక చూడకుండా ఊహించడం నేను మానేశాను.

అపోహ: ప్రతి ఇంజిన్ ఏదో ఒక కాలంలో టాప్స్ నంబరు ధరించింది.

వాస్తవం: వెస్టర్న్ అనే రకపు డీజిల్ ఇంజిన్లు 74 ఉండేవి, వాటికి 52వ తరగతి అనే పేరు కాగితం మీదే మిగిలింది. పోతపోసిన నంబరు పలకలతోనే 1977 ఫిబ్రవరి వరకు నడిచాయి, ఏడు మిగిలాయి.

అపోహ: మిగిలినవన్నీ ఎవరో ముందుచూపుతో కాపాడినవే.

వాస్తవం: వేరే పనికి అక్కరకొచ్చి బతికినవి తక్కువేమీ కాదు. మాంచెస్టర్, షెఫీల్డ్‌ల మధ్యనున్న వుడ్‌హెడ్ మార్గపు ఏడు ఈఎం2 విద్యుత్ ఇంజిన్లను 1969లో నెదర్లాండ్స్‌కు అమ్మారు; అక్కడ 1500 వరుస నంబర్లతో 1986 దాకా పనిచేయబట్టే మూడు ఈనాటికి మిగిలాయి. మెట్రోపాలిటన్-వికర్స్ ఇరవై ఇంజిన్లలో మిగిలిన ఒకే ఒక్కటి డి5705. కిందనున్న రెండు చక్రాల చట్రాల్లో ఒకదానికి మూడిరుసులు, రెండోదానికి రెండు ఉండే ఈ వింత ఇంజిన్‌ను మొదట రైల్వే పరిశోధనా విభాగం తీసుకుని ఎస్15705 అని పిలిచింది, తరువాత అది రైలు పెట్టెలను వేడిచేసే యంత్రంగా టీడీబీ968006 అయింది. ఆ రెండు అవతారాలూ ఎత్తకపోతే మిగతా పందొమ్మిదితో పాటు అదీ తుక్కుగా పోయేది.